గవదలకు వేసిన గొలుసు

మా అమ్మాయి ఆవలింత సగంలో ఆగిపోయింది.

తెల్లవారింది కాని ఇంకా వసారాలోకి ఎండ రాలేదు. దాన్ని ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పుతున్నాను. నిద్ర తీరక ఆవలించబోయింది. పెదవులు విడివడ్డాయి, పళ్ళు కొంచెం ఎడమయ్యాయి, అక్కడ దవడ పట్టేసినట్టు నిలిచిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవలేదు. మెడలో గొలుసును పిడికిట్లో పట్టుకుని నా వైపు చూసింది. నోరు తెరవమన్నాను. తల అడ్డంగా ఊపింది. నా చిటికెన వేలు దాని పళ్ళ మధ్య పెట్టబోయాను. పట్టలేదు.

అప్పటిదాకా నాకు భయం లేదు. ఎడమ బుగ్గ వాచి ఉన్న మాట నిజమే. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉన్న మాటా నిజమే. అయితే ఆ నెలలో మా వీధిలో సగం మంది పిల్లలకు బుగ్గలు వాచే ఉన్నాయి. రొంపిచెర్లలో ఆ ఏడు గవదబిళ్ళలు ఇల్లు వదలకుండా తిరిగాయి. పక్కింట్లో తగ్గితే ఎదురింట్లో మొదలు. మా అమ్మాయికి వాపు కనిపించిన రోజునే మా అత్తగారు ఒకసారి చూసి గవద అని తేల్చేశారు. శొంఠి అరగదీసి బుగ్గకు పట్టు వేశారు. తరవాత పెట్టె తెరిచి తన రెండు పేటల బంగారు గొలుసు తీసి పిల్ల మెడలో వేశారు. గవదలు వచ్చిన పిల్లల మెడలో బంగారం వేస్తే వాపు దిగుతుందని మా వైపు నమ్మకం. బంగారం లేనివాళ్ళు ఉన్నవాళ్ళింట్లో అడిగి తెచ్చి వేస్తారు. ఎవరూ కాదనరు.

నేను గుంటూరులో ఇంటరు, మద్రాసులో బి.ఏ. చదివినదాన్ని. అయినా ఆ గొలుసుకు అడ్డు చెప్పలేదు. గవదలకు మందు లేదని, వాటంతట అవే తగ్గుతాయని నాకు తెలుసు. బంగారం మెడలో ఉంటే వచ్చే నష్టమేమిటి? పైగా గొలుసు వేసుకున్నప్పటి నుంచి పిల్ల ఎంత బుద్ధిగా ఉందో. అన్నం సరిగా తినకపోయినా గొలుసు చూసుకుంటూ, గుండ్లు ఒక్కొక్కటే వేలితో జరుపుకుంటూ మంచం మీద పెద్దమనిషిలా కూర్చునేది. అప్పటికి దానికి ఐదు నిండి ఆరో ఏడు నడుస్తోంది. దాని తమ్ముడు ఇంకా చిన్నవాడు. అక్క వైభవం చూసి వాడు ఒక పూట బుగ్గలో బెల్లం ముక్క దాచుకుని వచ్చి, తనకు కూడా గవద వచ్చిందని, గొలుసు వెయ్యమని నాయనమ్మ ముందు నిలబడ్డాడు. బెల్లం కరిగిపోయేదాకా ఆవిడ వాడిని మాటల్లో పెట్టారు.

ఇప్పుడు యుద్ధం అయిపోయింది, కిరోసిన్ కాస్త దొరుకుతోంది, పిల్లలు పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని ఇవన్నీ రాయగలుగుతున్నాను. రాస్తుంటే ఆ గొలుసు సంగతి నవ్వుగానే ఉంది. ఆ ఉదయం నవ్వు లేదు.

ఎందుకంటే ఏడాది కిందట మా వీధి చివర కూలిపని చేసుకునేవాళ్ళ పిల్లవాడు ఒకడు కాల్లో మేకు గుచ్చుకుని చనిపోయాడు. మేకు సంగతి అందరూ మరిచిపోయాక ఒకరోజు వాడి దవడ కరుచుకుపోయింది. తరవాత ఒళ్ళంతా విల్లులా వంగిందని చెప్పుకున్నారు. ధనుర్వాతం. నేను చూడటానికి వెళ్ళలేదు, వెళ్ళలేకపోయాను. కాని కాలేజీ పుస్తకంలో చదివిన ముక్క నాకు బాగా గుర్తుంది: మొదట దవడ, ఆ తరవాత మెడ, ఆ తరవాత వెన్ను.

పిల్ల పావడా పైకెత్తి మోకాలు చూశాను. ఆ మధ్య గొడ్లచావిడి దగ్గర పడి దోక్కుపోయిన చోట నల్లగా పొక్కు కట్టి ఉంది. గొడ్లచావిడిలోనే పడింది. పేడలోనే పడింది.

అత్తగారు పాలచెంబుతో వచ్చి నన్ను చూసి ఆగారు.

"ఏందమ్మాయ్, అట్టా బిగుసుకుపోయావు?"

"నోరు తెరవట్లేదు అత్తయ్యా. వేలు కూడా పట్టట్లేదు."

"గవదకి దవడ పట్టేస్తది. మీ ఆయనకి చిన్నప్పుడు అట్టనే అయితే గంజి తాగిచ్చా. నువ్వు కంగారుపడి దాన్ని బెదరగొట్టమాక."

నేను మోకాలు చూపించాను. మేకు గుచ్చుకున్న పిల్లవాడి మాట నోటితో అనలేదు. ఆవిడకే గుర్తొచ్చింది. చెంబు కింద పెట్టి పిల్ల పక్కన కూలబడ్డారు. కాసేపు వాళ్ళ ఇలవేల్పును తలుచుకున్నారు. తరవాత లేచి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసుకుని, నరసరావుపేట పోదాం పద అన్నారు. నేను అడగకముందే అన్నారు. ఆ మాటకు ఆవిడ పట్ల నాకున్న కృతజ్ఞత ఇప్పటికీ తగ్గలేదు.

మా వారు బోర్డు స్కూల్లో మాస్టరు. ఆ రోజు స్కూలుకు ఇన్స్పెక్టరు వస్తున్నాడు, సెలవు అడిగే వీలు లేదు. ఆయన పిల్ల మోకాలు చూశారు. చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పక్కింటికి వెళ్ళి బస్సులో ముందు సీటు చెప్పి వచ్చారు. పక్కింటి సాయిబే నరసరావుపేట బస్సు నడిపేది. నేను ఆయన్ని బాబాయి అనేదాన్ని. మా అత్తగారిని ఆయన అక్కా అనేవాడు.

అవి పెట్రోలు దొరకని రోజులు. బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ములాంటిది బిగించి అందులో బొగ్గులు మండించేవాళ్ళు. ఆ గ్యాసుతో బస్సు నడిచేది. నడిచేది అంటే సమంగా ఉన్న రోడ్డు మీద నడిచేది. కాస్త ఎత్తు వస్తే ఆగేది. మేము బయలుదేరిన కాసేపటికే ఒక వాగు దాటి గట్టెక్కబోతూ ఆగిపోయింది. మగవాళ్ళందరూ దిగారు. నేను పిల్లను ఎత్తుకుని లేవబోతే బాబాయి వద్దన్నాడు.

"అమ్మాయ్, నువ్వు దిగమాక. పిల్లనెత్తుకోని కూసో, ఈళ్ళు తోస్తారు." అని మా అత్తగారి వైపు తిరిగాడు. "అక్కా, నువ్వొక్కదానివి దిగు చాలు. బండి దానంతటదే గట్టెక్కుద్ది."

"నోర్మూసుకోని బొగ్గులు కుమ్మరా. దీనికన్నా మా ఎడ్లబండి నయం, అది మేతేస్తే అన్నా కదిలిద్ది."

వెనక తోస్తున్నవాళ్ళు నవ్వారు. మా వెంట తెచ్చుకున్న అబ్బాయీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కాని ఆ ఇద్దరూ రోజూలాగే మాట్లాడుకోవడం విని ఊపిరి పీల్చుకోగలిగాను. అమ్మాయి నా భుజం మీద తల పెట్టుకుని ఉంది. దాని ఊపిరి నా మెడకు తగులుతోంది. బొగ్గు పొగలోనూ ఒక వాసన తెలిసింది. పూలు నీళ్ళలో కుళ్ళిన వాసన లాంటిది. శొంఠి పట్టు పులిసిందేమో అనుకుని బుగ్గ తుడిచాను. వాసన పోలేదు. దారంతా దాని మెడ కింద చెయ్యి పెట్టి, మెడ బిగుస్తోందా, ఇంకా వంగుతోందా అని చూస్తూనే ఉన్నాను.

మిషను ఆస్పత్రి వరండాలో జనం చాలామంది ఉన్నారు. మా అత్తగారు ఎవరినీ అడగకుండా పిల్లను తీసుకుని నేరుగా గదిలోకి నడిచారు. లోపల లేడీ డాక్టరు నిలబడే ఉంది. నడివయసు మనిషి, తెల్ల చీర, మోచేతి దాకా చేతులున్న రవికె. మా పక్క ఊరి మనిషే అన్నట్టుండే మాట. ఆవిడ ఏమీ అడగకముందే నేను మొదలుపెట్టాను. మోకాలు, గొడ్లచావిడి, దవడ, టెటనస్ అని ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను.

"జబ్బుకి పేరు తరవాత పెడదాం లేమ్మా," అంది ఆవిడ తెలుగులోనే. "ముందు పిల్లని చూడనియ్యి."

పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. పొట్ట నొక్కింది. కాళ్ళు మడిచి చాపింది. గడ్డం గుండెకు ఆనించమంది. ఆనించింది. పిల్ల మెడ వంగటం చూసి ఆవిడ తల కొద్దిగా ఊపింది, నేను ఆ తల ఊపడం చూశాను. తరవాత దవడ కింద తడిమి చూడబోయి, గొలుసు అడ్డొస్తోంది, తియ్యండి అంది.

మా అత్తగారు గొలుసు కొక్కెం మీద చెయ్యి వేశారు. పొద్దుటి నుంచి నోరు మెదపని పిల్ల పళ్ళు బిగపట్టుకునే ఒక్క అరుపు అరిచింది. రెండు చేతులతో గొలుసు పట్టుకుని బల్ల మీద వెనక్కి జరిగింది. మేము బతిమాలాం. మా అత్తగారు కోప్పడ్డారు. లాభం లేకపోయింది. డాక్టరు మా ఇద్దరినీ ఆగమని సైగ చేసి, బల్ల అంచున తనూ కూర్చుంది.

"ఈ గొలుసు ఎవరిది?" అని పిల్లను అడిగింది.

"నాయనమ్మది." పళ్ళ సందులోంచి వచ్చింది మాట.

"నీకెందుకేసింది?"

"గవదకి."

"మరి నొప్పి ఎక్కడుంది? గవద దగ్గరేనా?"

పిల్ల నా వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది.

"ఎక్కడ నొప్పిగా ఉన్నా సరే, గొలుసు నీ దగ్గరే ఉంటది. నేను చెబుతున్నా గదా. మీ నాయనమ్మ కూడా నా మాట కాదనదు."

అప్పుడు దాని వేలు చెవి కింద నుంచి మెల్లగా జరిగి నోటి మూల దగ్గర ఆగింది.

"లోపల. పన్ను. గవదకే గొలుసంట, పన్నుకి లేదంట."

ఆ మాటతో అంతా తేటతెల్లమైంది. గొలుసు వేసేటప్పుడు మా అత్తగారు, గవద తగ్గంగానే తీసేస్తానని చెప్పే వేశారు. ఎదురింటి పిల్ల మెడలోంచి అలాగే తీశారు కూడా. అంతకు ముందు నుంచే పన్ను నొప్పి పుడుతోంది దానికి. ఒక పక్కనే నమిలేది. కాల్చిన పిడక కచ్చిక పెట్టి పళ్ళు తోముతుంటే ఎడమ వైపుకు నా వేలు రానిచ్చేది కాదు. బుగ్గ వాచాక గొలుసు వచ్చింది. ఇక పన్ను మాట ఎత్తితే ఇది గవద కాదంటారు, గొలుసు పోతుంది. అందుకని ఎవరు అడిగినా చెవి కిందే చూపించింది. రాత్రిళ్ళు నొప్పి పుడితే గొలుసు నోట్లో పెట్టుకుని కొరికేదట. అది తరవాత ఎప్పుడో చెప్పింది.

డాక్టరు పలచటి చెక్క ముక్కను పళ్ళ మధ్య మెల్లగా దూర్చి, టార్చి వేసి చూసింది. నన్నూ చూడమంది. కింద వరసలో చివర నుంచి రెండో పన్ను. దాని నడుమ నల్లటి గొయ్యి, పక్కన చిగురు మీద చీముతో లేచిన బుడిపె. వాసన అక్కడిదే. ఆ నల్ల మచ్చను నేను అంతకు ముందు చూడకపోలేదు. మా పల్నాటి నీళ్ళకు పళ్ళు గారపడతాయి. పెద్దల పళ్ళు, పిల్లల పళ్ళు, అందరివీ ఎంతో కొంత గోధుమరంగువే. అదీ గారే అనుకున్నాను.

"ధనుర్వాతం కాదమ్మా," అంది డాక్టరు. "గవద కూడా కాదు. పిప్పి పన్ను. చీము లోపలికి దిగి దవడ కండ పట్టేసింది. మోకాలిది మామూలు దెబ్బే, మానిపోతోంది."

నేను గోడకు ఆనుకున్నాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని మా అబ్బాయి నా కొంగు లాగి చెబితే తెలిసింది.

అయితే అది అక్కడితో అయిపోలేదు. పన్ను ఆ పూటే తియ్యాలంది. ఆలస్యం చేస్తే చీము మెడలోకి దిగుతుందని, అప్పుడు ఊపిరికే అడ్డమని నాతో చాటుగా చెప్పింది. పళ్ళ డాక్టరు కావాలంటే గుంటూరు పోవాలి, అంత దూరం పిల్లను తిప్పడం ఎందుకు, నేనే తీస్తాను అంది. మా అత్తగారికి ఇది నచ్చలేదు.

"పాలపన్నేగా తల్లీ. ఊడిపోయేదాన్ని పీకటమెందుకు? అదే ఊడిపోద్ది."

"ఇది ఊడటానికి ఇంకా నాలుగైదేళ్ళుంది పెద్దమ్మా. చీము అన్నాళ్ళు ఆగదు."

అత్తగారు నా ముఖం చూశారు. తియ్యమన్నట్టు తల ఊపాను. ఆవిడే బల్ల మీద కూర్చుని పిల్లను ఒళ్ళో పెట్టుకున్నారు. డాక్టరు గొలుసు తీసి పిల్ల రెండు గుప్పిళ్ళలోనూ పెట్టి, గట్టిగా పట్టుకో, వదిలితే నాయనమ్మ లాక్కుంటది అంది. ఆ మాట మా అత్తగారికి కోపం తెప్పించాలి. కాని ఆవిడ వెంటనే అందుకుని, అవునే, వదులు చూద్దాం, లాక్కుంటా అన్నారు. ఇంజెక్షను సూది చిగురులోకి దిగుతుంటే పిల్ల ఒళ్ళంతా ఒకసారి అదిరింది. గుప్పిళ్ళు మాత్రం విడలేదు. నేను దాని పాదాలు పట్టుకున్నాను. తల తిప్పుకున్నాను. ఎనామిల్ గిన్నెలో టక్కుమని చప్పుడైంది.

అంతే. ఇంత భయం, ఆ చిన్న చప్పుడు.

చీము, నెత్తురు కారుతుంటే పిల్ల ఏడ్చింది. నోటి నిండా దూది పెట్టుకుని, వినపడేటట్టు ఏడ్చింది. ఆ ఏడుపు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. డాక్టరు పన్ను కడిగి గుడ్డ మీద పెట్టి చూపించింది. మా అత్తగారు వంగి చూసి వెనక్కి జరిగారు.

"పాలపన్నుకి వేళ్ళేందమ్మా?"

నాకూ ఆశ్చర్యమే. మేము చూసిన పాలపళ్ళన్నీ ఊడినవే, చిన్న గింజల్లాంటివి, వేళ్ళు లేనివి. పాలపన్నుకు వేరుండదని, అందుకే అది లెక్కలోనిది కాదని అందరం అనుకునేవాళ్ళం. దీనికి పట్టకారుకు ఉన్నట్టు రెండు కాళ్ళున్నాయి. డాక్టరు ఓపికగా చెప్పింది. అన్ని పాలపళ్ళకూ వేళ్ళుంటాయట. కింద నుంచి కొత్త పన్ను వస్తూ వస్తూ ఆ వేళ్ళను అరగదీస్తుందట. పూర్తిగా అరిగిపోయాక పై ముక్క ఊడుతుంది. అందుకే మన చేతికి వచ్చేటప్పటికి వేరు ఉండదు. కొత్త పన్నుకు చోటు పట్టి ఉంచేది ఈ పాలపన్నేనంది. పడుకోబోయే ముందు ఏం తినిపిస్తారని అడిగింది. దగ్గు రాకుండా రోజూ పటికబెల్లం ముక్క బుగ్గన పెడతానని మా అత్తగారు గొప్పగా చెప్పబోయి, సగంలో ఆగి, పన్ను వైపు చూశారు. ఎడమ బుగ్గనా అని డాక్టరు అడగలేదు. ఆవిడే, ఎడం పక్కే పెడతా, అటు తిరిగి పడుకుంటదిగా అన్నారు నెమ్మదిగా.

మా అబ్బాయి తనంతట తానే బల్ల ఎక్కి నోరు తెరిచి కూర్చున్నాడు, తనకు గొలుసు ఎప్పుడు వేస్తారని. వాడి పళ్ళలోనూ రెండు చోట్ల మచ్చలు మొదలయ్యాయి. ఇంకా లోతుకు పోలేదంది డాక్టరు. ఏదో మందు పుల్లతో అద్దింది. ఆ చోట పన్ను నల్లగా మాడినట్టయింది. ఆ నలుపు పోదు, కాని పిప్పి పెరగదు అంది. చీము ఆరటానికి సల్ఫా మాత్రలిచ్చి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని, పొద్దునే కాదు, పడుకోబోయే ముందు కూడా పళ్ళు తోమించమని చెప్పి పంపింది.

సాయంకాలం బస్సు ఎక్కడా ఆగలేదు. బొగ్గులు బాగా పడ్డాయన్నాడు బాబాయి. పన్ను కథ విని, మా అత్తగారి వైపు చూసి నవ్వాడు.

"అయితే అక్కా, బంగారం పెట్టి పన్ను నొప్పి కొన్నావన్నమాట."

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి ఆవిడ. ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల జుట్టు సవరిస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి, గుడ్డలో చుట్టిన పన్ను చూపించి నన్ను అడిగారు.

"అమ్మాయ్, వేళ్ళున్న పన్నుని కప్పు మీదికి ఎయ్యాలా, పాతిపెట్టాలా?"

నేను ఆ రోజు మొదటిసారి నవ్వాను. ఆవిడా నవ్వారు. ఆ కదలికకు పిల్ల లేచి, దూది బయటికి కనిపించేలా ఆవలించింది. మొత్తం కాదు. కాని నా రెండు వేళ్ళు పట్టేంత. నేను నిజంగానే వేళ్ళు పెట్టి చూశాను. అది విసుక్కుని నా వేలు కొరికింది.

ఇంటికి వచ్చేటప్పటికి మా వారు వీధిలో నిలబడి ఉన్నారు. ఇన్స్పెక్టరు వచ్చాడా అని అడిగాను. వచ్చాడేమో, నాకు గుర్తులేదు అన్నారు.

మర్నాడు పొద్దునే వాపు సగం దిగింది. మా అత్తగారు పేడముద్దలో పన్ను పెట్టి పిల్ల చేతికిచ్చి ఇంటి కప్పు మీదికి వెయ్యమన్నారు. మాది వాలుగా పరిచిన నాపరాళ్ళ కప్పు. ముద్ద దొర్లుకుంటూ మళ్ళీ వాకిట్లోకే వచ్చింది. అబ్బాయి పరిగెత్తి తెచ్చాడు. చివరకు గొడ్లచావిడి కప్పు మీదికి విసిరితే గడ్డిలో నిలిచింది. అదయ్యాక అమ్మాయి నాయనమ్మ ముందుకు వెళ్ళి, మెడ వంచి, గొలుసు తీసుకోమన్నట్టు నిలబడింది. దాని ముఖం చూడలేకపోయాను. ఆవిడ కొక్కెం విప్పలేదు. సాయంత్రం దాకా ఉండనియ్యి అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను పిల్లలిద్దరినీ వసారాలో నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ముందు రోజు ఆవలింత ఆగిపోయిన చోటే. రాత్రంతా ఏమి చెప్పాలా అని ఆలోచించాను. దాచకూడదని, అబద్ధం ఆడకూడదని, పళ్ళు మంచివి కాకపోతే ఏమవుతుందో అని, పెద్ద పాఠమే తయారుచేసుకున్నాను. వాళ్ళ ముఖాలు చూశాక అదంతా మరిచిపోయాను. చెప్పింది ఇంతే:

"గొలుసు కావాలంటే గొలుసు అడగండి. నొప్పి ఉంటే నొప్పి చెప్పండి. రెండూ ఉంటే రెండూ చెప్పండి, ఒకదాని కోసం రెండోది దాచుకోవద్దు. సరే, ఇప్పుడు నోళ్ళు తెరవండి, చూస్తాను. ఇంకా. ఇంకా పెద్దగా."